ఏడో తరగతి పిల్లలతో పుస్తక సమీక్షలు చేతిపనిగా చేయించాలని ఉంది, ఎలా చేస్తే బాగుంటుంది?

సుద్దముక్క:

అందరికీ నమస్తే. జనగామ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. ఏడో తరగతిలో 34 మంది పిల్లలు. ఎఫ్‌ఏ అనే బడి మూల్యాంకనం వచ్చినప్పుడల్లా పుస్తక సమీక్ష రాయిస్తాం కదా, మొన్న ఆ కాగితాలన్నీ ఇంటికి తెచ్చుకుని దిద్దడానికి కూర్చున్నాను. పుస్తకం పేరు, రచయిత పేరు, పాత్రలు, కథ నాలుగు ముక్కల్లో, నీతి, చివర "ఈ పుస్తకం నాకు చాలా నచ్చింది". 20 మందికి పైగా అదే వరస, అదే వాక్యం. ఒకరి కాగితంలో ఉన్న అక్షర దోషం ఇంకో ఆరుగురి దాంట్లోనూ ఉంది. ఒక బాబుకి ఇచ్చిన పుస్తకంలో రెండు పేజీలు ప్రెస్సులో సరిగ్గా కత్తిరించక అంచు దగ్గర అతుక్కునే ఉన్నాయి, వాడు అవి విడదీయకుండానే సమీక్ష రాసేశాడు. వాడి మీద కోపం రాలేదు. నేను అడిగే ప్రశ్నలకి జవాబు రాయడానికి పుస్తకం తెరవాల్సిన పనే లేదని అప్పుడర్థమై బాధేసింది.

అందుకే ఈసారి పిల్లలు చేత్తో ఏదైనా తయారుచేసి, దాన్ని పట్టుకుని తాము చదివిన కథ గురించి చెప్పేలా చేయాలనుకుంటున్నాను. కానీ ఇబ్బందులు ఉన్నాయి. పిల్లల్ని ఏమీ కొనమని చెప్పలేను, ఇప్పుడు పత్తి ఏరే రోజులు, ఇళ్ళ దగ్గర కూర్చోబెట్టి సాయం చేసే పెద్దవాళ్ళు కూడా ఉండరు. వారానికి రెండు పీరియడ్లు లైబ్రరీకి దొరుకుతాయి, అంతా ఆ టైములోనే బళ్ళోనే అవ్వాలి. ప్రాజెక్టు అనగానే స్టేషనరీ షాపుకెళ్ళి బొమ్మల చార్టు కొని అతికించుకొచ్చే అలవాటు కొందరికి ఉంది, అది వద్దు. మీలో ఎవరైనా ఇలాంటివి చేయించి ఉంటే ఏం చేశారో, ఎలా మొదలుపెట్టారో, మార్కులు ఎలా వేశారో కాస్త వివరంగా చెప్పండి.

దారపుకండె:

మేడమ్, నేను సిద్దిపేట జిల్లాలో తెలుగు పండితుణ్ణి, మూడేళ్ళుగా ఇది చేయిస్తున్నాను. మొదట్లో నేను చేసిన పొరపాటు ముందు చెప్తాను, మీరు అందులో పడకుండా. "అందరూ మడత పుస్తకం చేయండి" అని ఒకే నమూనా ఇచ్చాను. 40 మడత పుస్తకాలు వచ్చాయి, లోపల మళ్ళీ అదే పేరు, రచయిత, పాత్రలు, నీతి. కాగితం ఆకారం మారింది గానీ సమీక్ష మారలేదు.

ఇప్పుడు ఏడు చేపల కథతో మొదలుపెడతాను. ఆ కథ రాని పిల్లలుండరు. చేపా చేపా ఎందుకెండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది, గడ్డిమోపుని అడిగితే ఆవు మేయలేదు, ఆవునడిగితే పాలేరు మేపలేదు, పాలేరునడిగితే అవ్వ బువ్వ పెట్టలేదు, అవ్వనడిగితే పిల్లవాడు ఏడ్చాడు, వాణ్ణడిగితే చీమ కుట్టింది, చీమనడిగితే నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంది. పాత నోటుబుక్కు అట్టల్ని ఒకటిన్నర అంగుళం వెడల్పు పట్టీలుగా కోయించి, పట్టీ బయటివైపు ప్రశ్న, లోపలివైపు జవాబు రాయించి, ఒకదాంట్లో ఒకటి దూర్చి అతికిస్తే గొలుసు అవుతుంది. మా ఊళ్ళో చెప్పుకునే తీరులో సరిగ్గా ఏడు కొలికిలు వస్తాయి. దాన్ని పైకెత్తి పట్టుకుని మధ్యలో అవ్వ కొలికిని కత్తెరతో కోసేస్తాను. కింది భాగం నేల మీద పడుతుంది. "ఇప్పుడు చేప ఎందుకు ఎండలేదో చెప్పండి" అంటే క్లాసంతా నవ్వి, తర్వాత ఆలోచనలో పడతారు, ఎందుకంటే చెప్పలేరు, చీమ ఎటో పోయింది.

అప్పుడు అడుగుతాను, మీరు చదివిన కథ గొలుసులా ఉందా, ఇంకోలా ఉందా అని. పంచతంత్రంలో ముని ఎలుకపిల్లని ఆడపిల్లగా మార్చి పెళ్ళి చేయాలని సూర్యుడి దగ్గరికి, మేఘం దగ్గరికి, గాలి దగ్గరికి, కొండ దగ్గరికి వెళ్ళి చివరికి మళ్ళీ ఎలుక దగ్గరికే వస్తాడు కదా. అది గొలుసు కాదు, చక్రం అని ఒక పాప తనే చెప్పింది. రెండు గుండ్రటి అట్టలు ఒకదాని మీద ఒకటి పెట్టి, పై అట్టకి కిటికీ కోసి, మధ్యలో పాత చొక్కా గుండీ పెట్టి దారంతో బిగించింది. తిప్పుతుంటే కిటికీలో ఒక్కో వరుడు కనిపిస్తాడు, ప్రతివాడూ "నాకంటే బలవంతుడు ఉన్నాడు" అంటాడు, చుట్టు తిరిగొచ్చేసరికి ఎలుక.

మిత్రలాభం చదివిన ఇద్దరు అబ్బాయిలు పూలు కట్టే దారంతో కర్రల చట్రానికి వల అల్లారు, దానికి కాగితం పావురాలు. వల అల్లడం గొప్ప కాదు, వాళ్ళు ఒక పావురాన్ని మిగతావాటికంటే కిందికి వేలాడదీశారు. ఎందుకని అడిగితే, "అది చిత్రగ్రీవుడు సార్, ఎలుక వల కొరకడానికి వస్తే ముందు నా వాళ్ళవి కొరుకు అన్నాడు కదా, అందుకని చివర్న ఉండాలి" అన్నారు. మేడమ్, ఈ ముక్క కథ చదవనివాడు చెప్పలేడు. నాకు కావలసింది అదే. వస్తువులో ఒక్క చోటైనా చదివినవాడికే తెలిసే సంగతి ఉండాలి అని పిల్లలకి ముందే చెప్పేస్తాను.

ఇంకొకటి, మీకు చేర్యాల దగ్గరే కదా. ప్రయాణాలు, చాలా ఊళ్ళు, చాలా సంఘటనలు ఉన్న కథలకి చేర్యాల పటం పద్ధతి బ్రహ్మాండంగా కుదురుతుంది. ఈ పటాలు వేసే నకాషి కళాకారులు గుడ్డకి సుద్దమట్టి, చింతగింజల జిగురు, తుమ్మజిగురు పూసి, ఎర్రటి నేపథ్యం మీద అడ్డ వరసల్లో బొమ్మలు వేస్తారు, అసలు పటాలు పదుల అడుగుల పొడవు ఉంటాయి. 2007లో వీటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పిల్లలకి గుడ్డ అక్కర్లేదు, పాత క్యాలెండర్ల వెనకవైపు చాలు, ఒకదాని కింద ఒకటి అతికించి రెండు చివర్లా కర్ర పెడితే చుట్టుకునే పటం. ఒకరు పటం విప్పుతూ ఉంటే ఇంకొకరు కర్రతో చూపిస్తూ కథ చెప్పాలి. అసలు పటం ఉన్నదే కథ చెప్పడానికి, గోడకి తగిలించుకోవడానికి కాదు. చెప్పేవాళ్ళకి కథ రాకపోతే రెండో వరస దగ్గరే ఆగిపోతారు, మనం ప్రశ్నలు అడగాల్సిన పని కూడా ఉండదు.

నీలిసిరా:

నేను టీచర్ని కాదు, తల్లిని. పైన సార్ రాసింది చదివాక నా మాట కూడా చెప్పాలనిపించింది. మా పాప అయిదో తరగతిలో ఉన్నప్పుడు వాళ్ళ ప్రైవేటు స్కూల్లో పుస్తకం మీద మోడల్ చేసుకురమ్మన్నారు. సోమవారానికి కావాలి, శుక్రవారం సాయంత్రం చెప్పారు. థర్మోకోల్, గ్లిట్టర్ షీట్లు, ప్రింట్లు అన్నీ కలిపి 600 రూపాయలు దాటింది. ఆదివారం రాత్రి 11 దాకా చేసింది నేనూ మా ఆయనా. పాప సోఫాలో నిద్రపోయింది. దానికి మొదటి బహుమతి ఇచ్చారు. ఆ బహుమతి తెచ్చి నా చేతికిచ్చి "అమ్మా, ఇది నీది" అంది. ఎగతాళి చేయలేదండీ, నిజంగానే అలా అనుకుని ఇచ్చింది. ఆ మాట ఇంకా నా మనసులోంచి పోలేదు.

కాబట్టి సుద్దముక్క గారూ, మీరు బళ్ళోనే చేయిస్తానన్నారు చూడండి, ఆ ఒక్క నిర్ణయాన్ని మాత్రం ఎవరేం చెప్పినా మార్చుకోకండి. సామాన్ల సంగతికొస్తే, ప్రతి ఇంట్లోనూ పాత శుభలేఖలు ఉంటాయి, ఎవరూ పారేయరు, ఎవరూ చూడరు. అంత మంచి మందపాటి కాగితం 50 రూపాయలు పెట్టినా రాదు. చీరల మడతల్లో పెట్టే అట్టలు, చెప్పుల డబ్బాలు, అగ్గిపెట్టెలు, మందుల అట్టపెట్టెలు కూడా అంతే. పిల్లల్ని కొనమనకుండా, తరగతి మూలలో ఒక పెద్ద పెట్టె పెట్టి, ఎవరింట్లో ఏముంటే అది పదిరోజుల ముందు నుంచీ తెచ్చి అందులో వేయమనండి. ఏది ఎవరు తెచ్చారో తెలియదు, లేనివాళ్ళకి చిన్నతనం ఉండదు.

దబ్బనం:

బైండింగ్ పని చేసేవాణ్ణి, 22 ఏళ్ళు చేశాను. పిల్లల చేత చేయిస్తున్నారు గనక పని సంగతులు కొన్ని చెప్తాను, ఇవి తెలియక చాలామంది ఫెవికాల్ డబ్బాలు ఖాళీ చేసి చివరికి ముడతలు పడ్డ పుస్తకం చేతిలో పట్టుకుంటారు.

జిగురు కొనొద్దు. కప్పు మైదాకి మూడున్నర కప్పుల నీళ్ళు. ముందు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, అప్పుడు సన్న సెగ మీద పెట్టి గరిటె ఆపకుండా తిప్పండి. తెల్లదనం పోయి కాస్త పారదర్శకంగా, జావలా అయినప్పుడు దించేయాలి. చల్లారాకే వాడాలి. మేం పురుగు పట్టకుండా మైలతుత్తం కలిపేవాళ్ళం, అది విషం, పిల్లల చేతికి ఇచ్చే జిగురులో అస్సలు కలపొద్దు. కలపకపోతే రెండు రోజుల్లో పులుస్తుంది, అంతే, ఏ రోజుకారోజు కాచుకోండి. పలచగా పూయాలి. అతికించాక మీద నాలుగు లావు పుస్తకాలు బరువు పెట్టి రాత్రంతా వదిలేస్తే వంకర పోదు.

కాగితానికి కూడా బట్టకి పడుగు ఉన్నట్టు ఒక దిశ ఉంటుంది. చార్టుని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా వంచి చూడండి, ఏ వైపు తేలిగ్గా వంగితే మడత ఆ వైపు పెట్టుకోవాలి. ఎదురు దిశలో మడిస్తే చిట్లుతుంది. చిట్లకుండా ఇంకు అయిపోయిన రీఫిల్‌తో స్కేలు పెట్టి గట్టిగా గీత గీసి ఆ గీత మీద మడవండి.

మడత పుస్తకం కొలతలు చెప్తాను. మామూలు చార్టు 22 అంగుళాల వెడల్పు, 28 పొడవు ఉంటుంది. పొడవు వెంబడి 7 అంగుళాల పట్టీలు కోస్తే మూడు వస్తాయి, ఒక అంగుళం మిగులుతుంది. ఒక్కో పట్టీని 7 అంగుళాలకి ఒక మడత పెడితే నాలుగు చదరపు గడులు. మొదటి పట్టీ ఆఖరి గడి మీద రెండో పట్టీ మొదటి గడి పూర్తిగా పడేట్టు అతికించండి, అలాగే మూడోది. మొత్తం 10 గడులు, అతుకు దగ్గర రెండు పొరలు కాబట్టి ఊడదు. ఒక చార్టుకి ఒక పుస్తకం. ముందూ వెనకా నీలిసిరా గారు చెప్పిన శుభలేఖ అట్ట అతికిస్తే చాలు.

అంత చార్టు కూడా లేకపోతే ఒక్క తెల్ల కాగితం చాలు. ఎనిమిది గడులుగా మడిచి విప్పి, మళ్ళీ సగానికి మడిచి, మడత వైపు నుంచి మధ్య గీత మీద సగం దాకా కోసి, విప్పి, పొడవుగా మడిచి రెండు చివర్లూ లోపలికి నెడితే ఎనిమిది పేజీల చిన్న పుస్తకం వచ్చేస్తుంది. జిగురు లేదు, కుట్టు లేదు. మొదటి రోజు దీంతోనే మొదలుపెట్టండి, పిల్లలకి చేయి తిరుగుతుంది.

కుట్టాలంటే మూడు రంధ్రాల కుట్టు. కాగితాలన్నీ సగానికి మడిచి, వెన్ను మీద దబ్బనంతో మూడు రంధ్రాలు, రంధ్రాలు మాత్రం మీరే పెట్టండి. సూది లోపలి నుంచి మధ్య రంధ్రంలోంచి బయటికి, పై రంధ్రంలోంచి లోపలికి, లోపల మధ్యని దాటుకుని కింది రంధ్రంలోంచి బయటికి, మళ్ళీ మధ్యలోంచి లోపలికి. ఇప్పుడు లోపల ఒక పొడుగు దారం ఉంటుంది, రెండు కొసలూ దానికి అటొకటి ఇటొకటి వచ్చేట్టు ముడి వేయండి. పదేళ్ళయినా ఊడదు.

తరగతిగది:

అందరి ఉత్సాహం బాగుంది, కానీ నేను కొంచెం వేరే మాట చెప్పక తప్పదు. 31 ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇలాంటివి చేయించిన ప్రతిసారీ నేను చూసింది ఏమిటంటే, చేతిపని వచ్చిన పిల్లలు వెలిగిపోతారు, రాని పిల్లలు చదువులోనే కాక ఇక్కడ కూడా వెనకబడ్డామని ముడుచుకుపోతారు. వారానికి రెండు పీరియడ్లంటే 80, 90 నిమిషాలు. అందులో గంట కోయడానికి, అతికించడానికి పోతే చదివేదెప్పుడు? మన ఏడో తరగతి పిల్లల్లో ధారాళంగా చదవలేనివాళ్ళు ఎందరున్నారో మీకు తెలియంది కాదు. నాకైతే ఒక పిల్లవాడు తడుముకుంటూ అయినా పది పేజీలు గట్టిగా చదివి సొంతంగా అయిదు వాక్యాలు రాస్తే, ఏ పటమూ దానికి సాటి రాదు. చేయించండి, వద్దనను. కానీ ముందు చదువు, తర్వాత కత్తెర.

సుద్దముక్క:

సార్, మీరు చెప్పింది నేను కూడా భయపడుతున్న విషయమే. ఇలా అనుకుంటున్నాను, సరిపోతుందేమో చూడండి. మొదటి వారం రెండు పీరియడ్లూ చదవడమే, చదవడం కష్టమైనవాళ్ళని బాగా చదివేవాళ్ళతో జత చేస్తాను, ఒకరు చదువుతుంటే ఇంకొకరు వేలు పెట్టి వెంట వెళ్ళాలి. రెండో వారం మొదటి పీరియడులో కథ ఏ ఆకారంలో ఉందో మాట్లాడుకోవడం, రెండో దాంట్లో చేయడం. మూడో వారం చూపించి చెప్పడం. మాకు ప్రాజెక్టుకి ఉన్నది 5 మార్కులు, అందులో నోటితో చెప్పినదానికి 2, సొంతంగా రాసిన వాక్యాలకి 2, వస్తువుకి 1 వేస్తాను. బొమ్మ అందంగా ఉందా లేదా అన్నదానికి అసలు మార్కు లేదని ముందే చెప్పేస్తాను.

తరగతిగది:

ఇలా అయితే నాకు అభ్యంతరం లేదమ్మా. జతలు మాత్రం మీరే వేయండి, పిల్లలకి వదిలితే స్నేహితులే కూర్చుంటారు. చేసిన తర్వాత ఎలా జరిగిందో ఇక్కడ తప్పకుండా రాయండి.

ఎండుద్రాక్ష:

మేం డాలస్ దగ్గర ఉంటాం. ఇక్కడ ఎలిమెంటరీ స్కూళ్ళలో బుక్ రిపోర్ట్ అంటే చాలాసార్లు ఇలాంటివే చేయిస్తారు, చెప్పుల డబ్బాలో కథలోని ఒక దృశ్యం కట్టడం, సీరియల్ డబ్బాకి కొత్త అట్ట వేసి ముందు పుస్తకం పేరు, వెనక కథ, పక్కన పోషకాల పట్టిక ఉండే చోట పాత్రలు ఎవరెవరో రాయడం. అవి బాగానే ఉంటాయి గానీ, దారపుకండె గారు చెప్పిన "కథ ఆకారం" అనే మాట నేను ఇక్కడ కూడా వినలేదు. అది చదివాక మా వాడు చేసింది గుర్తొచ్చింది.

వారాంతం తెలుగు క్లాసులో పిల్లలకి తెలుగు మాట్లాడటం వస్తుంది, చదవడం కష్టం. నేను రైలుబడి తెలుగులో చదివి వినిపించాను, జపాన్‌లో పాత రైలు పెట్టెల్లో నడిచిన బడి గురించి టెట్సుకో కురొయనాగి రాసిన పుస్తకం. మా వాడు ఎండుద్రాక్ష వచ్చే చిన్న చిన్న డబ్బాలు పోగేసి దారంతో రైలులా కట్టాడు. ఒక డబ్బాలో పాపని మొదటి బడిలోంచి పంపించేసిన సంగతి, ఒక దాంట్లో హెడ్మాస్టరు నాలుగు గంటలసేపు ఆ పాప చెప్పేదంతా వినడం, ఒక దాంట్లో సముద్రం నుంచి కొంచెం, కొండల నుంచి కొంచెం అని ఆయన పెట్టించిన లంచ్ బాక్సు, ఒక్కోటి తెలుగులో ఒక్కో వాక్యం, తప్పులతో. చివరి డబ్బా లోపలంతా నల్ల స్కెచ్‌తో నింపేశాడు, కాగితం పెట్టలేదు. 1945లో బాంబుదాడుల్లో ఆ బడి కాలిపోయింది కదా. ఏమీ రాయలేదేంట్రా అంటే "అక్కడ చెప్పడానికి ఎవరూ లేరు" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మీ పిల్లలకి అగ్గిపెట్టెలు దొరుకుతాయి కాబట్టి ఇది తేలిగ్గా అవుతుంది, అగ్గిపెట్టె అయితే లాగితే తెరుచుకుంటుంది కూడా.

నీడ:

మాది ధర్మవరం. మా పక్కనే నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేస్తారు. సంభాషణలు ఎక్కువున్న కథలకి ఇది బాగుంటుంది. అట్టతో బొమ్మ కోసి, చేయి, తల వేరుగా కోసి దారం ముడితో కలిపి, కొబ్బరి ఈనెలు కట్టి, తెల్ల పంచె వెనక టార్చిలైటు పెడితే చాలు. రంగు నీడ కావాలంటే అట్టలో కిటికీలు కోసి రంగుల స్వీటు కాగితాలు అతికించండి. సిగ్గుపడే పిల్లలు తెర వెనక ఉంటే ఎంత బాగా మాట్లాడతారో మీరే చూస్తారు, మా బళ్ళో ఏడాదంతా నోరు విప్పని ఒక అబ్బాయి నక్క గొంతుతో పావుగంట మాట్లాడాడు.

సుద్దముక్క:

మూడు వారాలన్నాను, నాలుగు పట్టింది. మధ్యలో ఒక వారం సగం క్లాసు పత్తికి వెళ్ళింది. నిన్న అయిపోయింది, అందుకే వెంటనే రాస్తున్నాను.

34 మందిలో 31 మంది చేశారు. ఏడు చేపల గొలుసు కోసి చూపించడం దారపుకండె సార్ చెప్పినట్టే చేశాను, అక్కడే క్లాసు నా చేతిలోకి వచ్చింది. తొమ్మిది మడత పుస్తకాలు, నాలుగు చక్రాలు, రెండు పటాలు, ఒక అగ్గిపెట్టెల రైలు, మిగతావి నేను పేరు పెట్టలేనివి. జిగురు మధ్యాహ్న భోజనం వండే అక్క కాచి ఇచ్చింది, మొదటిసారి ఉండలు కట్టింది, రెండోసారి బాగా కుదిరింది. మడతలు కూడా మొదట్లో చాలామందివి చిట్లాయి, రీఫిల్ గీత సంగతి చెప్పడం నేను మర్చిపోయాను. పిల్లల సమీక్షల్లో "చాలా నచ్చింది" అనే వాక్యం ముగ్గురి దాంట్లోనే వచ్చింది, ఆ ముగ్గురూ ఏం నచ్చిందో కూడా రాశారు.

పేజీలు అతుక్కున్న పుస్తకం సంగతి మొదట రాశాను కదా, ఆ బాబు వేరే పుస్తకం అడగలేదు, అదే తీసుకున్నాడు. వాడికి చదవడం కష్టం, జతగా ఉన్న పాప చదివి పెట్టింది. స్కేలుతో ఆ రెండు పేజీలూ జాగ్రత్తగా విడదీసుకున్నారట. వాడు చేసింది మడత పుస్తకమే, కానీ నాలుగో గడి మీద ఇంకో కాగితం పెట్టి మూడు వైపులా అతికించేశాడు. చెప్పే రోజు అందరి ముందూ దాన్ని స్కేలుతో విడదీశాడు. లోపల కుందేలు బావి దగ్గర సింహానికి ఏం చెప్పిందో రాసి ఉంది. "పోయినసారి నేను ఇది చూడలేదు టీచర్, అందుకే సింహం బావిలో ఎందుకు దూకిందో రాయలేదు" అన్నాడు. నేను 5కి 5 వేశాను. తరగతిగది సార్, మీరైనా వేసేవారే.

అన్నీ తరగతిలో తాడు కట్టి వేలాడదీశాం. ఆరో తరగతి వాళ్ళు ఇంటర్వెల్లో వచ్చి పటం విప్పి చూస్తున్నారు, దాని కింది కర్ర అప్పుడే ఊడింది. దబ్బనం గారూ, కర్రకి క్యాలెండర్ కాగితం ఊడకుండా ఉండాలంటే మైదా జిగురు చాలదా, కుట్టాలా?

దబ్బనం:

చుట్టే చోట జిగురు నిలవదు మేడమ్. కాగితం అంచుని రెండు మడతలు వేసి, మధ్యలో పాత బట్ట పట్టీ పెట్టి, కర్ర దూరేంత గొట్టంలా కుట్టండి. కర్రని అతికించొద్దు, దూర్చి వదిలేయండి, తిరగనివ్వండి.